నూటికి ఎంత? ఎన్నిసార్లకు?

వడ్డీ లెక్క విషయంలో మన తెలుగువారికి ఒకరు పాఠం చెప్పవలసిన పని లేదు. ‘నూటికి రెండు’ అంటే ఆ రెండు నెలకని అడక్కుండానే తెలుస్తుంది. బ్యాంకులో ‘నూటికి పన్నెండు’ అంటే అది ఏడాదికని తెలుసు. బడికి పోని ముసలమ్మ కూడా ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, ‘నెలకు రెండంటే ఏడాదికి ఇరవై నాలుగు, బ్యాంకే నయం’ అని వేళ్ళ మీద తేల్చేస్తుంది. శాతం ఒక్కటే చాలదనీ, అది ఎంత కాలానికో కూడా తెలిస్తేనే ఆ అంకెకు అర్థం ఉంటుందనీ మన పెద్దలు పుస్తకాలు చదవకుండానే నేర్చుకున్నారు.

అటువంటి మన ఇళ్ళలోకే ఇప్పుడు కాలం ఊసు లేని శాతం ఒకటి వచ్చింది. సెల్‌ఫోన్లలో ఆడే కాసినో ఆటల్లో ‘చెల్లింపు శాతం’ అని ఒక అంకె వేస్తారు. చాలా ఆటల్లో అది 95, 96 దగ్గర ఉంటుంది. ఆటగాళ్ళు ఒడ్డిన ప్రతి వంద రూపాయల్లో 96 ఆటగాళ్ళకే తిరిగి వెళుతుంది, ఆడించేవాడికి మిగిలేది 4 అని దాని భావం. ఆ అంకె అబద్ధం కాకపోవచ్చు. అయినా దాన్ని నమ్మి ఆడినవాడి జేబు ఖాళీ అవుతుంది. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలియాలంటే ఈ శాతం పుట్టుపూర్వోత్తరాలు కొంత తెలుసుకోవాలి. నేను చరిత్రకారుణ్ణి కాను. కామర్సు చదివి, మూడు దశాబ్దాలుగా బ్యాంకులో లెక్కలు చూస్తున్నవాణ్ణి. అందుచేత జూదంలో రాజ్యాలు పోగొట్టుకున్న రాజుల కథ వదిలి, ఆడించినవాడికి మిగిలిన ఆ నాలుగు రూపాయల కథ చెబుతాను.

మన దేశంలో ఈ కథ చాలా పాతది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ద్యూతాధ్యక్షుడనే అధికారి ఉన్నాడు. జూదమంతా అతడు చూపిన ఒకే చోట ఆడాలి. గెలిచిన సొమ్ములో నూటికి ఐదు అతడు తీసుకోవాలి. పాచికలకు అద్దె, నీళ్ళకూ చోటుకూ రుసుము వేరే. యాజ్ఞవల్క్య స్మృతిలో జూదశాల నడిపేవాడి పేరు సభికుడు. వందా ఆ పైన గెలిచినవాడి దగ్గర నూటికి ఐదు, అంతకు తక్కువ గెలిచినవాడి దగ్గర నూటికి పది అతడి వాటా. అందులోనుంచి ఒప్పుకున్న భాగం రాజుకు కట్టాలి. ఓడినవాడి దగ్గర సొమ్ము రాబట్టి గెలిచినవాడికి అప్పగించాలి. ఈ స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల ఏలుబడిలోనివాడు. ఆ కల్యాణి ఇప్పటి కర్ణాటకలో బీదరు జిల్లా బసవకల్యాణ్. ఆ వ్యాఖ్యను అనుసరించి పదమూడవ శతాబ్దంలో కేతన ‘విజ్ఞానేశ్వరము’ అనే తెలుగు పద్యకావ్యం రచించాడు. కనుక ఈ విషయం మన భాషకూ, మనలో కొందరు ఉంటున్న ఊళ్ళకూ కొత్తది కాదు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. సభికుడి నూటికి ఐదు అందరి కళ్ళముందు తీసేది. గెలిచినవాడి రాశిలోంచి తీసేది. ఎంత పోయిందో ఆడినవాడికి తెలుసు, చూసినవాడికి తెలుసు. జూదాన్ని మెచ్చుకోవడానికి ఈ మాట చెప్పడం లేదు. మనుస్మృతి అయితే రాజు జూదాన్ని రాజ్యంలో ఉంచనే కూడదన్నది. ఆడించేవాడి వాటా ఒకప్పుడు బహిరంగంగా ఉండేదని చెప్పడమే నా ఉద్దేశం. ఆ తరువాతి చరిత్ర అంతా ఆ వాటా కొంచెం కొంచెంగా కనుమరుగైన చరిత్రే.

కనుమరుగు కావడానికి మొదట లెక్క తెలియాలి. జూదానికీ లెక్కకూ ఉన్న సంబంధం మనవాళ్ళు ఎరగనిది కాదు. నన్నయగారి అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం చదివినవారికి ఋతుపర్ణుడు గుర్తుంటాడు. రథం మీద పోతూ పోతూ తాని చెట్టును చూసి, దాని ఆకులూ కాయలూ ఎన్నో చెబుతాడు. నలుడు నమ్మక, రథం దిగి లెక్కపెడితే సరిపోతుంది. ఆ సంఖ్యావిద్యతో పాటు అక్షహృదయాన్ని కూడా నేర్చుకున్న తరువాతే నలుడు పోగొట్టుకున్న రాజ్యాన్ని తిరిగి గెలుచుకుంటాడు. పాచికలకు వెనుక ఒక లెక్క ఉందని ఆ కథ కట్టినవారికి తెలుసు.

ఆ లెక్క సూత్రాలతో శాస్త్రంగా రూపొందింది ఐరోపాలో. 1654లో పాస్కల్, ఫెర్మా అనే ఇద్దరు ఫ్రెంచి పండితులు ఉత్తరాల్లో ఒక చిక్కును చర్చించారు. ఆట మధ్యలో ఆగిపోతే పందెం సొమ్మును ఇద్దరు ఆటగాళ్ళూ ఎలా పంచుకోవాలి? 1657లో డచ్చి శాస్త్రవేత్త హైగెన్స్ దీని మీద పుస్తకమే రాశాడు. వాళ్ళు చెప్పినదాన్ని మన మాటల్లో చెప్పుకుంటే ఇంతే: బహుమతి ఎంతో చూడు, అది రావడానికి అవకాశం ఎంతో చూడు, రెంటినీ గుణించు, అదే ఆ టిక్కెట్టు అసలు విలువ. పదిమందిలో ఒకరికి తొంభై రూపాయలు వస్తాయంటే ఒక్కొక్క టిక్కెట్టు విలువ తొమ్మిది. దాన్ని పది రూపాయలకు అమ్మితే అమ్మినవాడికి రూపాయి మిగులు. న్యాయంగా పంచడం కోసం పుట్టిన ఈ లెక్క, పంచకుండా మిగుల్చుకోవడానికి ఎంత బాగా పనికొస్తుందో జూదశాలల వాళ్ళు త్వరలోనే గ్రహించారు.

రౌలెట్ చక్రం అందుకు చక్కని ఉదాహరణ. చక్రం మీద 1 నుంచి 36 దాకా గళ్ళు ఉంటాయి. ఒక అంకె మీద రూపాయి కాస్తే, గెలిచినవాడికి 35 లాభమూ అతడి రూపాయీ కలిపి 36 చేతికొస్తాయి. 36 గళ్ళే ఉంటే లెక్క సరిగ్గా సరిపోయేది, ఆడించేవాడికి దమ్మిడీ మిగిలేది కాదు. అందుకే ముప్పై ఏడో గడి పెట్టారు. అది సున్న. 36ను 37తో భాగిస్తే 97.3 శాతం. మిగిలిన 2.7 శాతం జూదశాలది. 1840లలో జర్మనీలోని హోంబుర్గులో ఫ్రాంస్వా బ్లాంక్, అతడి సోదరుడు లూయీ ఈ ఒంటి సున్న చక్రంతో ఆటగాళ్ళను ఆకర్షించారు. అప్పటికి చాలాచోట్ల రెండు సున్నల చక్రాలుండేవి. అమెరికాలో ఇప్పటికీ అవి ఉన్నాయి. అక్కడ 38 గళ్ళు కనుక చెల్లింపు 94.74 శాతమే. అంటే బ్లాంక్ సోదరులు తమ వాటాను దాదాపు సగానికి తగ్గించుకున్నారు. జనం ఎక్కువ వచ్చారు, ఎక్కువసేపు ఆడారు, ఆదాయం పెరిగింది. 1863లో ఫ్రాంస్వా బ్లాంక్ మొనాకో జూదశాల హక్కులు తీసుకున్నాడు. 1869 నాటికి ఆ చిన్న రాజ్యపు ప్రభువు ప్రజల మీద ప్రత్యక్ష పన్నులు ఎత్తివేయగలిగాడు. సున్నకు విలువ ఇచ్చింది మనవాళ్ళని గర్వపడతాం; సున్న మీద ఒక రాజ్యాన్ని పోషించింది వాళ్ళు! తమ ప్రజలను మాత్రం ఆ జూదశాలలో ఆడనివ్వలేదు. లెక్క బాగా తెలిసిన ప్రభువు!

బ్లాంక్ నేర్పిన పాఠాన్ని మా బ్యాంకు భాషలో చెప్పాలంటే: వాటా తగ్గించు, టర్నోవరు పెంచు. నూటికి ఎంత మిగిలిందన్నది కాదు, ఎన్ని వందలు బల్ల మీద తిరిగాయన్నది ముఖ్యం.

అయినా రౌలెట్‌లో సున్న కళ్ళకు కనిపిస్తుంది. గళ్ళు లెక్కపెట్టుకుంటే ఎవరైనా శాతం కట్టవచ్చు. పందొమ్మిదో శతాబ్దం చివర శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే తయారుచేసిన ‘లిబర్టీ బెల్’ అనే మీట లాగే యంత్రంతో ఆ సదుపాయం తగ్గింది. మూడు చక్రాలు, ఒక్కొక్కదానికి పది బొమ్మలు అనుకుంటే పది పదుల పదులు, వెయ్యి రకాల కలయికలు. చక్రాలు పెట్టెలో ఉంటాయి కనుక ఎన్ని గంటలు, ఎన్ని లాడాలు ఉన్నాయో ఆడేవాడు చూడలేడు. ఓపికగా కూర్చుని రాసుకుంటే మాత్రం తెలుసుకోగలడు.

ఆ ఓపికకు కూడా అవకాశం లేకుండా చేసింది 1984లో ఇంగే టెల్నెస్ అనే ఆయనకు అమెరికాలో వచ్చిన పేటెంటు. దాని కిటుకు ఇది. చక్రం మీద కంటికి కనిపించే బొమ్మలు ఉదాహరణకు 22. కానీ చక్రం ఎక్కడ ఆగాలో నిర్ణయించేది చక్రం కాదు, లోపలి కంప్యూటరు. అది తన లెక్కలో 64 స్థానాలు పెట్టుకుని, వాటిలో ఒకదాన్ని ఎంచుకుని, దానికి జతచేసిన బొమ్మ దగ్గర చక్రాన్ని ఆపుతుంది. పెద్ద బహుమతి బొమ్మకు ఆ 64లో ఒకే స్థానం. మూడు చక్రాల మీదా ఆ బొమ్మ పడే అవకాశం కంటి లెక్కకు 10,648లో ఒకటి. అసలు లెక్కకు 2,62,144లో ఒకటి. అంటే కళ్ళు చూసేది ఒక యంత్రాన్ని, డబ్బు పోసేది ఇంకొక యంత్రంలో. అప్పటినుంచి చెల్లింపు శాతం ఎంతో తయారీదారు చెబితే తప్ప ఆడేవాడికి తెలిసే దారి లేదు. అందుకే ప్రభుత్వాలు కలగజేసుకోవలసి వచ్చింది. నెవాడా రాష్ట్రం కనీసం 75 శాతం, న్యూజెర్సీ కనీసం 83 శాతం తిరిగి చెల్లించాలని నియమం పెట్టాయి. 1994లో కరిబియన్ సముద్రంలోని ఆంటిగ్వా ద్వీపరాజ్యం తెచ్చిన చట్టంతో ఇంటర్నెట్ కాసినోలకు లైసెన్సులు దొరికాయి. అప్పటికి పేరుకైనా మిగిలిన చక్రం కూడా పోయి, తెర మీద బొమ్మ మిగిలింది. బ్రిటన్ వంటి చోట్ల ఆటగాడికి చెల్లింపు శాతమో, గెలిచే అవకాశమో తెలిపి తీరాలన్న నియమం ఉంది. మన పిల్లలు తెర మీద చూస్తున్న 96 అలా వచ్చిన అంకె.

ఇక మన దేశానికి వస్తే, మహారాష్ట్రలో ఉన్న మాకు మట్కా సంగతి చెప్పనవసరం లేదు. మొదట న్యూయార్కు పత్తి ధరల అంకెల మీద బొంబాయిలో పందేలు కాసేవారు. 1961లో ఆ ధరలు రావడం ఆగిపోయాక, 1962లో కల్యాణ్‌జీ భగత్, 1964లో రతన్ ఖత్రీ అంకెలు తీసే పద్ధతి పెట్టారు. బొంబాయి మిల్లుల్లో తెలంగాణ నుంచి వలస వచ్చిన మన నేతవారు వేలమంది. మిల్లు కార్మికుల బస్తీలే మట్కాకు ఆయువుపట్టు. దాని లెక్క దాపరికం లేనిది. ఒంటి అంకెకు రూపాయికి తొమ్మిది, జోడీకి రూపాయికి తొంభై. పదింట ఒక అవకాశం, తొమ్మిది చెల్లింపు. నూరింట ఒక అవకాశం, తొంభై చెల్లింపు. ఎలా చూసినా చెల్లింపు 90 శాతం.

మట్కా 90, సెల్‌ఫోను ఆట 96. ఏది నయం? శాతం ఒక్కటే చూస్తే రెండోది. ఇప్పుడు కాలాన్ని కలిపి చూడండి. మట్కాలో రోజుకు రెండు అంకెలు, తెరిచేటప్పుడు ఒకటి, మూసేటప్పుడు ఒకటి. రెండింటికీ పదేసి రూపాయలు కాసినవాడికి సగటున రోజుకు పోయేది రెండు రూపాయలు. సెల్‌ఫోను ఆటలో ఆరు సెకన్లకు ఒక తిప్పు అనుకుందాం. పది రూపాయల చొప్పున నిమిషానికి పది తిప్పులు, వంద రూపాయల పందెం, అందులో నాలుగు రూపాయలు పోతాయి. మట్కా రోజంతా తీసుకునే రెండు రూపాయలను ఇది అర నిమిషంలో తీసుకుంటుంది. గంటకు 240 రూపాయలు. మట్కా మంచిదని కాదు. దాని మూలంగా ఎన్ని సంసారాలు చితికిపోయాయో సొలాపూరులో, భివండీలో మనవారికే తెలుసు. దానికన్నా ‘ఉదారంగా’ కనిపించే అంకె ఎంత వేగంగా పనిచేస్తుందో చెబుతున్నాను.

ఈ వ్యాసం రాయడానికి కారణం మా శాఖకు వచ్చిన ఒక తల్లి. పేర్లు వద్దు, అంకెలు గుండ్రం చేశాను. మరమగ్గాల మీద బతికిన కుటుంబం, తెలంగాణ నుంచి వచ్చి మూడు తరాలైంది. బి.కాం. చదివే కొడుకును వెంటబెట్టుకుని వచ్చి, ‘సారూ, పొల్ల పెండ్లికని దాసిన పైసలు యాడికి పోయినయో జర మీరే సూడుండ్రి’ అంది. మూడు నెలల ఖాతా తీసి చూశాను. పిల్లవాడు కాసినో ఆటకు పంపింది మొత్తం 31,000. వెనక్కి వచ్చింది 4,500. పిల్లవాడు తలవంచుకోలేదు. ‘అందులో తొంభై ఆరు వాపస్ ఇస్తరు సార్, నాలుగే తీస్కుంటరు. మీ బ్యాంకుల లోనుకు పద్నాలుగు తీస్కుంటరు గద?’ అన్నాడు. కామర్సు చదివేవాడు అడగవలసిన ప్రశ్నే అడిగాడు. నూటికి 96 ఇచ్చే ఆట 31,000కు దాదాపు 29,800 ఇవ్వాలి కదా, 4,500 ఎందుకిచ్చింది?

కాగితం తీసి లెక్క వేశాం. పోయింది 26,500. అది నూటికి నాలుగు చొప్పున పోయిందనుకుంటే, అతడు కాసిన మొత్తం పందేలు 6,62,500 రూపాయలు. అందులో 96 శాతం, అంటే 6,36,000, ఆట నిజంగానే తిరిగి ఇచ్చింది. ఇచ్చిన ప్రతిసారీ అతడు మళ్ళీ కాశాడు. పది రూపాయల తిప్పులైతే 66,250 తిప్పులు. నిమిషానికి పది చొప్పున సుమారు 110 గంటలు. మూడు నెలలకు పంచితే రోజుకు గంటా పావు. ‘రోజు గంట, గంటన్నర ఆడేటోణ్ణి’ అని అతడే ఒప్పుకున్నాడు. ఇది సగటు లెక్క, ప్రతి ఒక్కరికీ ఇలాగే జరగాలని లేదు. కానీ చెల్లింపు శాతం 96 అన్నమాటా నిజమే, చేతికి వందకు పధ్నాలుగున్నరే వచ్చిందన్న మాటా నిజమే. మొదటిది తిరిగిన సొమ్ము మీద శాతం, రెండోది జేబులోంచి తీసిన సొమ్ము మీద శాతం.

ఆ పిల్లవాడికి చక్రవడ్డీతో పోల్చి చెప్పాను. వెయ్యి రూపాయలు ఒక దఫా పూర్తిగా తిరిగితే 960. దాన్నే మళ్ళీ తిప్పితే 921 చిల్లర. పది దఫాలకు 665. పదిహేడో దఫాకు సగం, 500. చక్రవడ్డీలో అసలు ఎలా పెరుగుతుందో ఇక్కడ అలా తరుగుతుంది. మన చక్రవడ్డీకి చక్రం తిరగడానికి మూడు నెలలో, ఏడాదో పడుతుంది. ఇక్కడ ఆ పదిహేడు దఫాలూ కలిపి 12,500 రూపాయల పందేలే. పది రూపాయల చొప్పున 1,250 తిప్పులు. రెండు గంటల ఐదు నిమిషాలు చాలు. బ్యాంకు పద్నాలుగు ఏడాదికి, ఆ ఆట నాలుగు ఆరు సెకన్లకు. ఈ మాట విన్నాక ఆ తల్లి కొడుకు వైపు చూసి, ‘వడ్డీ అడిగేటప్పుడు నెలకా సాలుకా అని అడగమని సెప్పలేదా బిడ్డా’ అంది. నేను అరగంట చెప్పినదాన్ని ఆమె ఒక్క మాటలో చెప్పింది.

ఈ అంకెలో ఇంకొక చిక్కు కూడా ఉంది. 96 అన్నది లక్షల తిప్పుల మీద, ఆటగాళ్ళందరి మీద సగటు. ఒక ఆట రెండింట ఒకసారి రూపాయికి 1.92 ఇవ్వవచ్చు. ఇంకొకటి వెయ్యింట ఒకసారి 960 ఇచ్చి, మిగతా 999 సార్లు ఏమీ ఇవ్వకపోవచ్చు. రెండింటి చెల్లింపు శాతమూ 96. మొదటిదానిలో డబ్బు నెమ్మదిగా కరుగుతుంది. రెండోదానిలో చాలామంది డబ్బు ఒకరిద్దరి చేతికి పోతుంది. ఆ గెలిచిన ఒక్కడి పేరే అందరికీ వినిపిస్తుంది. ఏటి సగటు లోతు మోకాలి బంటి అని నమ్మి దిగి మునిగినవాడి కథ కామర్సు తరగతుల్లో చెబుతారు. ఇదీ అటువంటిదే.

మన చట్టాలు ఈ సంగతిని అసలు గుర్తించలేదని అనలేం. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967 నవంబరులో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటే అన్నది. అయితే క్లబ్బు యజమాని ఆ ఆట మీద లాభం తీసుకుంటున్నట్టు రుజువైతే నేరం కావచ్చునని కూడా అన్నది. అంటే ఆడేవాడి తెలివినే కాక ఆడించేవాడి వాటాను కూడా చూసింది. 1998 నాటి లాటరీల చట్టం ఒంటి అంకె లాటరీలను నిషేధించి, ఏ లాటరీకైనా వారానికి ఒకటికి మించి డ్రా ఉండకూడదన్నది. వేగమే ప్రమాదమని తెలిసినవారు రాసిన నిబంధన అది. రకరకాల పేర్లతో రోజూ డ్రాలు పెట్టి దాన్ని దాటారు. చివరకు 2003లో తమిళనాడు, 2007లో కర్ణాటక లాటరీలను ఎత్తివేశాయి. ఫోను జూదాన్ని 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధించాయి; 2022లో తమిళనాడు చట్టం చేసింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం డబ్బు కాసే ఆన్‌లైన్ ఆటలను నైపుణ్యమా అదృష్టమా అన్న భేదం లేకుండా నిషేధించి, వాటికి బ్యాంకులు చెల్లింపులు జరపకూడదని కూడా చెప్పింది. చట్టం మంచిదే. కానీ సముద్రం అవతల లైసెన్సు పుచ్చుకున్న ఆట సెల్‌ఫోనుకు రావడానికి మన సరిహద్దు దాటే బండి ఎక్కనక్కర లేదు.

అందుచేత ఇళ్ళలో చేయదగిన పని ఒకటి చెబుతాను. పిల్లలను తిట్టవద్దు, ఖాతా వివరాలు తీయించండి. ఆటకు పోయిన మొత్తాలు ఎడమవైపు, ఆట నుంచి వచ్చిన మొత్తాలు కుడివైపు రాయండి. రెంటినీ విడివిడిగా కూడి, కుడివైపు మొత్తాన్ని ఎడమవైపు మొత్తంతో భాగించండి. పదో తరగతి లెక్క చాలు, పిల్లల చేతనే చేయించండి. వచ్చిన శాతాన్ని తెర మీద చూసిన 96 పక్కన రాయమనండి. ఆ తల్లి అదే చేయించింది. ఆ కాగితం మీద కొడుకు రాసిన అంకె 14.5. ఇప్పుడు ఆ ఖాతాకు వచ్చే సందేశాలు ఆమె ఫోనుకు వస్తున్నాయి. పెళ్ళికని నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్ మళ్ళీ మొదలైంది. దాని మీద వడ్డీ నూటికి ఎంతో ఆమె నన్నడిగింది. చెప్పాను. ‘సాలుకా?’ అని కూడా అడిగింది.